రెండు పూటల బూట్లు

పళ్ళాలు ఆగడం లేదు. గోడకున్న కంతలోంచి ఒక ట్రే లోపలికి జారేలోపు దాని వెనకే ఇంకొకటి తోసుకొస్తోంది. పొద్దుటక్క ఒక చేత్తో ఎంగిలి దులిపి, రెండో చేత్తో పళ్ళేన్ని వేడినీళ్ళ తొట్టిలో ముంచి, తలెత్తకుండా పక్కకి నెడుతోంది. మూడు రోజులుగా ఇదే వరస. విశ్వవిద్యాలయంలో సేవావారం జరుగుతోంది. సేవ బయట జరుగుతుంది, దాని ఎంగిలి మాత్రం లోపలికొస్తుంది.

అది చిన్న విశ్వవిద్యాలయం. లూథరన్ క్రైస్తవ సంఘంవాళ్ళు ఏనాడో కట్టించారు. ఎర్ర ఇటుకల భవనాలు నాలుగు, మధ్యలో పచ్చగడ్డి మైదానం, ఆ చివర గంటగోపురమున్న ప్రార్థనా మందిరం. అక్కడి పిల్లలు పట్టా పుచ్చుకోవాలంటే పరీక్షలతో పాటు ఇన్ని గంటలని సమాజసేవ కూడా చేసి తీరాలి. ఏడాది పొడుగునా చేసేవాళ్ళు కొందరుంటారు. మిగిలినవాళ్ళు ఈ వారంలో ముక్కు మూసుకుని ఒక్క మునకేసి బయటపడతారు. అందరూ నీలం చొక్కాలు తొడుక్కుని, చీపుళ్ళూ రంగు డబ్బాలూ పట్టుకుని, ప్రహరీగోడ వెనకున్న సందులోకి పాటలు పాడుకుంటూ వెళ్తారు. మధ్యాహ్నానికి ఆకలేసి తిరిగొస్తారు. వాళ్ళు చెడ్డపిల్లలు కారు. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

మధ్యాహ్నం దాటేసరికి పొద్దుటక్కకి తన కాళ్ళు తెలియడం మానేశాయి. ఇదివరకు సాయంత్రానికి అలా అయ్యేది. ఇప్పుడు భోజనాల వేళకే అవుతోంది. మోకాళ్ళ కింద ఏవో రెండు బరువులున్నాయని తెలుస్తుంది తప్ప అవి తనవేనని తెలియదు. నేల మీద ఎప్పుడూ మడమ లోతు నీళ్ళు, అందులో సబ్బు, జిడ్డు వదలడానికి పోసే ఘాటు మందు. వాటి మధ్య ఆమెకున్న దన్నల్లా ఒక జత నల్ల రబ్బరు బూట్లు.

ఆ బూట్లకి ఒక కథ ఉంది. గిన్నెలు తోమే చోట రెండు పూటల పని. పొద్దుటి పూటకి ఆమె, మాపటి పూటకి ఆమె వదిన. వంటశాలలో ఇద్దరి పేర్లూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఒకరు పొద్దుటక్క, ఒకరు మాపటక్క. ఇద్దరికీ కలిపి కాంట్రాక్టరు ఇచ్చినవి ఒక జత బూట్లు. ఒకరి పాదాలు ఆరకముందే ఇంకొకరి పాదాలు అందులోకి దూరేవి. లోపల తడి తడిగా, వెచ్చగా ఉండేది. వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అంటారు. వీళ్ళకి తగువాడుకునే తీరికే ఉండేది కాదు. రోజూ రెండు గంటలకి తలుపు దగ్గర కలుసుకుని, బూట్లు మార్చుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

పోయిన నెలలో దాతల విందు జరిగిన రోజు మాత్రం ఇద్దర్నీ కలిపి ఉంచేశారు. బూట్లు పొద్దుటక్క కాళ్ళకున్నాయి. విప్పబోతే వదిన వద్దంది. "తొట్టి దగ్గర నుంచున్నదానివి నువ్వు, వేడినీళ్ళు నీ మీద పడతాయి, ఉంచుకో" అని, అరిగిపోయిన చెప్పులతోనే పళ్ళాల దొంతర ఎత్తుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో జారింది. చీలమండ రెండు చోట్ల విరిగింది. విచారణ అని ఎవరో వచ్చి, ఎవరితోనో మాట్లాడి వెళ్ళారు. ఇచ్చిన బూట్లు వేసుకోకపోవడం ఆమె నిర్లక్ష్యమేనని తేల్చారు. వైద్యం ఖర్చు లేదు, ఉద్యోగమూ లేదు. విశ్వవిద్యాలయం వాళ్ళని అడిగితే, అది కాంట్రాక్టరు సంగతి, మాకు సంబంధం లేదన్నారు.

అప్పట్నుంచి రెండు పూటలూ పొద్దుటక్కే చేస్తోంది. కూలి మాత్రం ఒకటిన్నర పూటకే ఇస్తున్నారు. వంటవాళ్ళు హాస్యానికి ఆమె పేరు మార్చి "రెండుపూటలక్క" అంటున్నారు. ఆమెకి నవ్వూ రాదు, కోపమూ రాదు. వదిన పడిన రోజున కూడా ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని కూడా అనిపించలేదు.

"చెయ్యి కడుక్కుని ఇటు రామ్మా. నీకో శుభవార్త," అన్నాడు సూపర్‌వైజరు, నీళ్ళు తగలకుండా గుమ్మంలోనే నిలబడి. ఆయన కాంట్రాక్టరు మనిషి. తిట్టేటప్పుడు కూడా నవ్వుతాడు కాబట్టి వంటవాళ్ళు నవ్వులసారు అంటారు.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది.

"శుక్రవారం మందిరంలో కాళ్ళు కడిగే కార్యక్రమం ఉంది కదా. ఈ ఏడు నిన్ను అనుకున్నారు. పెద్దసారు స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని నీ కాళ్ళు కడుగుతారు. ఎంతమందికి దొరుకుతుంది చెప్పు ఆ భాగ్యం?"

అది అక్కడి ఆనవాయితీ. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగాడు కాబట్టి, సేవావారం ముగిసే రోజున విశ్వవిద్యాలయానికి పెద్ద అయిన ఆయన పనివాళ్ళలో ఒకరి పాదాలు కడుగుతాడు. కిందటేడు తోటమాలిని కూర్చోబెట్టారు. ఆ ఫొటో పటం కట్టించి ఇచ్చారు కూడా. ఆ తర్వాత కొన్నాళ్ళకి తోటపని కాంట్రాక్టుకి ఇచ్చేసి అతన్ని పంపించేశారు. పటం మాత్రం ఇంకా అతని ఇంట్లో గోడకి వేలాడుతోంది.

"ఏదీ, బూట్లు విప్పు. ఓసారి చూద్దాం."

ఆమె గోడ పట్టుకుని విప్పింది. పాదాలు తెల్లగా ఉబ్బి, నానిపోయిన గుడ్డల్లా ముడతలు పడి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో చర్మం చీలి ఎర్రగా కనిపిస్తోంది. నవ్వులసారు నవ్వు ఒక్క క్షణం ఆగింది.

"అబ్బే. ఇలా అయితే ఎలాగమ్మా? ఇంకా రెండు రోజులుంది. నూనె రాసుకో. గోళ్ళు తీసుకో. ఆ రోజు పొద్దున్నే బాగా తోముకుని, చెప్పులేసుకుని రా."

"వాళ్ళే కడుగుతారుగా సార్," అంది ఆమె. వెటకారానికి కాదు. నిజంగానే అర్థం కాలేదు.

"కడగడం వేరు, కడిగినట్టు కనిపించడం వేరు. ఫొటోలు తీస్తారు. పత్రికలవాళ్ళొస్తారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. కడిగే ముందు పెద్దసారు మైకులో నిన్ను అడుగుతారు, మీకేం లోటు లేదు కదా అని. ఏ లోటూ లేదండి, ప్రతి మనిషికీ బూట్లిచ్చారు, మా వదినే వేసుకోక పడింది అని చెప్పు. అంతే. పిల్లలేవో అడుగుతున్నారట ఆ సంగతి, దాంతో సద్దుమణిగిపోతుంది."

ఆమె వంగి ఒక బూటు అందుకుంది.

"ఊరికే చెప్పమనడం లేదులే. మీ వదినకి కూరగాయలు తరిగే చోట పని ఇస్తాం. కూర్చుని చేసుకునే పని. పాపం, ఆ కాలితో ఇంకెవరు రానిస్తారు? సోమవారం నుంచి రమ్మను."

ట్రేలు పేరుకుపోయాయి. అవతలినుంచి ఎవరో కంత మీద కొడుతున్నారు. ఆమె మళ్ళీ బూట్లలోకి కాళ్ళు తోసి తొట్టి దగ్గరికి వెళ్ళింది.

చీకటి పడే వేళకి ఇంటికి చేరింది. ఇల్లంటే ప్రహరీగోడ వెనక సందులో ఒక గది. సందులో తలుపులన్నీ కొత్తగా పసుపు రంగులో మెరుస్తున్నాయి. ఆమె తమ తలుపు తోసింది. రాలేదు.

"భుజం పెట్టమ్మాయ్! గట్టిగా తొయ్యి," అని లోపల్నుంచి వదిన కేకేసింది.

అది మంగళవారంనాటి నిర్వాకం. నీలంచొక్కాల పిల్లలు వచ్చి, సందు కళకళలాడుతుందని తలుపులన్నిటికీ రంగు వేశారు. చాలా ఇళ్ళలో మనుషులు పనులకి పోయి ఉన్నారు. ఈ ఇంటి దగ్గర కళ్ళద్దాల అమ్మాయి ఒకతె, "లోపల ఎవరైనా ఉన్నారా అండీ?" అని రెండుసార్లు పిలిచింది కూడా. వదిన నొప్పి మాత్రలు వేసుకుని ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. పిల్లలు శ్రద్ధగా తలుపుకీ, ద్వారబంధానికీ, ఆ రెంటి సందుకీ కూడా రెండేసి పూతలు వేసి వెళ్ళారు. ఎండకి రంగు బిగిసిపోయింది. వదినకి మెలకువ వచ్చి, సందు చివరి మరుగుదొడ్డికి వెళ్దామని కట్టుకాలితో దేక్కుంటూ వస్తే తలుపు ఊడిరాలేదు. అరిచింది. సందు మొదట్లో పిల్లలు ఫొటోలు దిగుతూ పాట పాడుతున్నారు. సాయంత్రం పొద్దుటక్క వచ్చి కత్తితో రంగు కోసి తలుపు తెరిచేదాకా వదిన లోపలే ఉండిపోయింది. మూలనున్న బకెట్టుని పొద్దుటక్క తీసుకెళ్ళి కడిగి తెచ్చింది. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అని మాత్రం వదిన అంది, గోడవైపు తిరిగి.

కోసినా ఆ తలుపు ఇప్పటికీ అంటుకుపోతూనే ఉంది.

పొద్దుటక్క భుజంతో నెట్టుకుని లోపలికొచ్చి, నేలమీద చతికిలబడి, జరిగిందంతా చెప్పింది. వదిన ముందు నోరు తెరిచి వింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నారు గానీ, వీళ్ళు ఏకంగా కాళ్ళతోనే మొదలెట్టారే! మా ఆడపడుచుగారి పాదాలకి అంత యోగముందని తెలిస్తే నేనే రోజూ పళ్ళెంలో పెట్టి కడుగుదును కదా."

"నవ్వకు వదినా. నీ మీద చెప్పమంటున్నారు."

"ఏం చెప్పమన్నారు? బూట్లుండీ వేసుకోలేదని. చెప్పెయ్."

"వదినా!"

"ఏం, అబద్ధమాడితే నోరు పుచ్చుతుందా? పుచ్చినా మన నోరే. మీ అన్నయ్య లారీ ఎక్కి వారమైంది, ఎప్పుడొస్తాడో ఏం తెస్తాడో దేవుడికెరుక. నువ్వు రెండు పూటలూ చేసి చచ్చిపోతున్నావు. కూర్చుని చేసే పనిస్తానంటే వద్దంటామా? నేను నిర్లక్ష్యం మనిషినంటే ఏం పోయింది నాకు? ఇప్పుడు నన్నెవరు మెచ్చుకుంటున్నారు గనక?"

వదిన పక్కనున్న నూనె సీసా అందుకుని, "కాళ్ళిటు చాపు" అంది. పొద్దుటక్క వద్దంటున్నా వినకుండా పాదాన్ని ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళ సందుల్లో మెల్లగా నూనె పట్టించింది. అరికాలు నొక్కింది. మడమ నొక్కింది.

"మంటగా ఉందా?"

"లేదు."

వదిన బొటనవేలు పక్కన గోటితో గట్టిగా గుచ్చింది. "ఇప్పుడు?"

పొద్దుటక్క తల అడ్డంగా ఊపింది. వదిన చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"తెలీదు వదినా. తెలిస్తేగా."

వదిన ఇంక నవ్వలేదు. దీపం దగ్గరికి జరిగి రెండు పాదాలకీ చాలాసేపు నూనె రాస్తూ కూర్చుంది. పొద్దుటక్క ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంది. ఎవరో ఎవరి కాళ్ళకో రాస్తున్నట్టుగా ఉందామెకి. నిద్రపోయే ముందు వదిన గోడవైపు తిరిగి, "ఏమైనా సరే, చెప్పెయ్. నా మాట విను," అంది మళ్ళీ. పొద్దుటక్క ఊఁ అంది.

శుక్రవారం పొద్దున్న ఫలహారాలు ముగిసేసరికి మందిరం గంట మోగడం మొదలుపెట్టింది. నవ్వులసారు పరుగున వచ్చాడు. "ఇంకా ఇక్కడే ఉన్నావా? పద పద, అందరూ కూర్చున్నారు. చెప్పులేసుకుని తొందరగా రా," అని ముందుకి వెళ్ళిపోయాడు.

చెప్పులు గోడ పక్కనే ఉన్నాయి. తెల్లవారుజామున కాళ్ళు తోముకుని, గోళ్ళు తీసుకుని, చెప్పినవన్నీ చేసే వచ్చింది. ఇప్పుడా చెప్పుల్ని చూసింది. చూసి కూడా దాటిపోయింది. ఎందుకలా చేశావని ఎవరైనా అడిగినా చెప్పలేకపోయేది. కోపంతో చేసిన పని కాదది, ఆలోచించి చేసిందీ కాదు. కాళ్ళు బూట్లలో ఉన్నాయి, అలాగే నడిచాయి. గడ్డి మైదానం అడ్డంగా దాటి, మందిరం మెట్లెక్కి, నున్నటి చెక్కనేల మీద తడి అడుగులు వేసుకుంటూ ముందుకి వెళ్ళింది. నీలంచొక్కాల వరసల్లో తలలు తిరిగాయి. ఎవరూ నవ్వలేదు.

బలిపీఠం ముందు ఎత్తు కుర్చీ ఒకటి వేశారు. దాని పక్కన గోరువెచ్చని నీళ్ళ పళ్ళెం పట్టుకుని ఒక అమ్మాయి నిలబడింది. కళ్ళద్దాల అమ్మాయి. ఆమె గోళ్ళ సందుల్లో పసుపు రంగు ఇంకా వదల్లేదు. పొద్దుటక్క బూట్లని చూసి ఆ అమ్మాయి కంగారుపడింది గానీ, కూర్చోమన్నట్టుగా ఆప్యాయంగా నవ్వింది.

పెద్దసారు కోటు విప్పి పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచాడు. అరవై దాటిన మనిషి. ఆయనకి ఈ పని నాటకం కాదు. ఏటా ఆ రోజున ఆయన గొంతు నిజంగానే వణుకుతుంది.

"ఏడాదంతా మాకు సేవ చేసినవారు మీరు. ఈ ఒక్కరోజైనా మీకు సేవ చేసుకునే భాగ్యం మాకివ్వండి," అన్నాడు. తర్వాత మైకు ఆమె ముందుకి జరిపాడు. "మా దగ్గర మీకు ఏ లోటూ లేదు కదమ్మా?"

మొదటి వరసలో నవ్వులసారు నవ్వుతున్నాడు. చెప్పాల్సిన మాట పొద్దుటక్కకి కంఠస్థమే. పొద్దున్నుంచీ తొట్టి దగ్గర మనసులో అనుకుంటూనే ఉంది. నోరు తెరిచింది. బూట్ల అంచునుంచి ఒక చుక్క జారి చెక్కనేల మీద పడింది. దాన్ని చూస్తూ ఉండిపోయింది.

"సంతోషంతో మాట రావడం లేదు," అన్నాడు బలిపీఠం పక్కన నిలబడ్డ మందిరం పాస్టరుగారు మెల్లగా. వరసల్లో మృదువుగా నవ్వులు వినిపించాయి. ఆర్గన్ మీద పాట మొదలైంది. పెద్దసారు మోకాళ్ళు వంచి, నొప్పిని ఓర్చుకుంటూ కింద కూర్చుని, ఆమె కుడి బూటు మడమ పట్టుకున్నాడు.

"విప్పుతానమ్మా."

"వద్దండి."

"సిగ్గుపడకమ్మా."

"శిష్యుల్లో ఒకాయన కూడా మొదట వద్దనే అన్నాడు," అన్నాడు పాస్టరుగారు. మళ్ళీ నవ్వులు. పెద్దసారు కొంచెం బలంగా లాగాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"వద్దు." ఈసారి మైకులో పడింది ఆ మాట. మందిరం చివరిదాకా వెళ్ళింది. పాట ఆగిపోయింది.

"ఇవి నా ఒక్కదానివి కావండి," అంది పొద్దుటక్క. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. పళ్ళాలు లెక్క చెప్పినట్టు చెప్పింది. "నాకూ మా వదినకీ కలిపి ఒకటే జత. ఆ రోజు నా కాళ్ళకున్నాయి. అందుకని ఆమె చెప్పులతో నడిచింది, పడింది. ఆమె తప్పేం లేదు. ఇద్దరికీ బూట్లున్నాయని చెప్పమన్నారు. లేవు."

నవ్వులసారు లేచి నిలబడ్డాడు. లేచాక ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దసారు ముఖం ఎర్రబడింది. "ఇదంతా నాకు... దీని గురించి తప్పకుండా మాట్లాడదామమ్మా. రేపు మా గదికి రండి. ఇప్పుడు మాత్రం, ఇంతమంది ఎదురుచూస్తున్నారు..." అన్నాడు తగ్గు గొంతుతో. ఆయన చెయ్యి ఇంకా బూటు మీదే ఉంది.

"నాకొద్దండి. నాకు కడిగినా తెలీదు," అంది ఆమె. "కడగాలంటే మా వదిన కాళ్ళు కడగండి. ఒకటి కట్టులో ఉంది, రెండోది బాగానే ఉంది. ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడికీ పోలేదు. వెనక సందులో ఎడమవైపు చివరి గది. పసుపు తలుపు." కాస్త ఆగింది. అక్కడ అన్నీ పసుపు తలుపులేనని గుర్తొచ్చింది. "రాకపోతే గట్టిగా తొయ్యండి. రంగు అంటుకుపోయి ఉంటుంది."

కళ్ళద్దాల అమ్మాయి చేతుల్లో పళ్ళెం తొణికింది. నీళ్ళు ఆమె నీలంచొక్కా మీద పడ్డాయి. ఆ అమ్మాయి తుడుచుకోలేదు.

ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. సోమవారం కూరగాయల దగ్గర వదినకి చోటు ఉండదని పొద్దుటక్కకి తెలుసు. సాయంత్రం పూటకి తన చోటు కూడా ఉంటుందో లేదో. ఇంటికెళ్ళి వదినకి ఏం చెప్పాలో కూడా తెలియదు. ఆర్గన్ వాయించే ఆయన పాపం, కార్యక్రమం అవలేదు కదా అని, పాటని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. సగంమంది అందుకున్నారు, సగంమంది అందుకోలేదు. పెద్దసారు లేవాలో ఉండాలో తేల్చుకోలేక అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. పళ్ళెంలో నీళ్ళు చల్లారిపోతున్నాయి.

పొద్దుటక్క కుర్చీలో కదలకుండా కూర్చుంది. కాళ్ళు తెలియడం లేదు. బూట్లలో ఉన్నాయని మాత్రం తెలుసు.